తేలికపాటి ఫ్రేమ్‌వర్క్ ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

కొత్త వెబ్ ప్రాజెక్టు మొదలుపెడుతున్నారా? పేజీలో బటన్లు, మెనూలు పనిచేయించడానికి వాడే రెడీమేడ్ జావాస్క్రిప్ట్ కోడే ఇక్కడ ఫ్రేమ్‌వర్క్ అంటే. ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టేముందు ఓసారి ఇవి చూడండి.

– సర్వర్ నుంచి వచ్చేది హెచ్‌టీఎంఎల్లా (నేరుగా పేజీలో పెట్టేది), జేసనా (ఉత్త డేటా)? హెచ్‌టీఎంఎక్స్ అనే చిన్న లైబ్రరీకి మామూలుగా హెచ్‌టీఎంఎల్ ముక్కలే కావాలి. బ్యాకెండంతా (సర్వర్ వైపు కోడ్) జేసన్ ఇచ్చేలా రాసేశాక హెచ్‌టీఎంఎక్స్‌ని తెచ్చిపెడితే కథ మళ్లీ మొదటికొస్తుంది, నాకు రెండు వారాలు అలాగే పోయాయి.

– వ్యూ ఫ్రేమ్‌వర్క్ వాడేటట్టయితే, పాత వెర్షన్ వ్యూ 2 నాటి ట్యుటోరియల్ పట్టుకుని కూర్చోకండి. ఆ వెర్షన్‌కి 2023 డిసెంబర్ 31తోనే సపోర్ట్ ఆగిపోయింది.

– రియాక్ట్‌కి తేలికపాటి ప్రత్యామ్నాయమైన ప్రియాక్ట్ సైజు 3 కేబీయే అంటారు కదా అని మురిసిపోవద్దు. రియాక్ట్ లైబ్రరీలు వాడాలంటే కంపాట్ పొర (ప్రియాక్ట్‌ని రియాక్ట్‌లా పనిచేయించే అదనపు కోడ్) పెట్టాలి, పైగా ఆ లైబ్రరీల బరువు ఎక్కడికీ పోదు.

– మెనూ తెరిచి మూయడానికి, ఫారంలో ఒక గడి దాచడానికి ఆల్పైన్ అనే చిన్న ఫ్రేమ్‌వర్క్ చాలు. ఒక్క స్క్రిప్ట్ ట్యాగ్, బిల్డ్ (కోడ్‌ని బ్రౌజర్ కోసం ముందే సిద్ధం చేసే దశ) టెన్షన్ లేదు.

– స్వెల్ట్ ఫ్రేమ్‌వర్క్ బాగుంటుంది, కానీ దాని కోడ్‌ని కంపైల్ చేయక (మామూలు జావాస్క్రిప్ట్‌గా మార్చక) తప్పదు.