నెల్లూరు ఎండల్లో ఓవర్‌క్లాకింగ్: సమస్య - పరిష్కారం

సిస్టమ్ స్లో అయింది, ఓవర్‌క్లాక్ (ప్రాసెసర్ లాంటి చిప్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా నడపడం) చేద్దామా అని అడిగేవాళ్ళలో చాలామందికి అసలు ఆ పనే అక్కర్లేదు. ముందు లక్షణం చూడండి.

విండోస్ రావడానికే యుగం పడుతోంది
చాలాసార్లు పాత హార్డ్‌డిస్కే కారణం. ఎస్‌ఎస్‌డీ వేయించండి, ప్రాసెసర్ జోలికి పోవద్దు.

గేముల్లో ఫ్రేములు రావట్లేదు
టాస్క్ మేనేజర్‌లో జీపీయూ 95 శాతం దాటి ఉంటే బరువంతా గ్రాఫిక్స్ కార్డు మీదే. ప్రాసెసర్‌ని ఎంత తరిమినా లాభం లేదు. పనిలో పనిగా మెమరీ స్పీడ్ కూడా చూడండి. 3200 ర్యామ్ కొని, బయోస్‌లో (విండోస్ రాకముందే తెరిచే సెట్టింగుల మెనూలో) ఎక్స్‌ఎంపీ ఆన్ చేయక 2666 దగ్గరే నడిపేవాళ్ళు బోలెడుమంది. నిజానికి ఎక్స్‌ఎంపీ ఆన్ చేయడమూ ఓవర్‌క్లాకింగే, కాకపోతే ర్యామ్ కంపెనీ పరీక్షించి ఇచ్చిన సెట్టింగు.

రాత్రి బాగుంటుంది, మధ్యాహ్నం మొరాయిస్తుంది
నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు అసలు బాధ ఇది. ఫ్యాన్ కూలర్ ప్రాసెసర్‌ని గది వేడికంటే కిందికి దించలేదు. డిసెంబరులో 25 డిగ్రీల గదిలో 75 చూపించిన ప్రాసెసర్ రోహిణి కార్తెలో 40 డిగ్రీల గదిలో 90 దాకా పోతుంది. చాలా ఇంటెల్ చిప్‌లు 100 దగ్గర, ఏఎండీ వాళ్ళ రైజెన్ 7000 వరసలో చాలావి 95 దగ్గర వాటంతటవే వేగం తగ్గించుకుంటాయి.

ఇలాంటి గదిలో 4.7 గిగాహెర్ట్జ్‌ని 4.9కి, వోల్టేజిని 1.25 నుంచి 1.35కి పెంచారనుకోండి. వేగం పెరిగేది 4 శాతం. వేడి అటు వేగాన్ని, ఇటు వోల్టేజి వర్గాన్ని (స్క్వేర్) బట్టి పెరుగుతుంది కాబట్టి 20 శాతం పైమాటే. గంట పట్టే పెళ్ళి వీడియో ఎక్స్‌పోర్టులో మిగిలేది మహా అయితే రెండున్నర నిమిషాలు. మధ్యలో ఆగిపోతే ఆ గంటా పోయినట్టే!

దుమ్ము దులపండి, థర్మల్ పేస్టు మార్చండి. రైజెన్ 5000 లేదా ఆ తర్వాతి వరస అయితే బయోస్‌లోని కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగుతో వోల్టేజి కాస్త తగ్గించి చూడండి. వేడి తగ్గితే వేగం దానంతటదే పెరుగుతుంది. మన ఎండలకి నా ఓటు దీనికే.

ఓవర్‌క్లాక్ చేశాక బ్లూ స్క్రీన్లు
ఆ వేగానికి వోల్టేజి చాలట్లేదు, లేదా వేడి ఎక్కువైంది. వోల్టేజి ఇంకా ఎక్కించకండి, మల్టిప్లయర్ (బయోస్‌లో ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే అంకె) ఒక మెట్టు దించండి. డిస్‌ప్లేనే రాకపోతే ప్లగ్ పీకి, మదర్‌బోర్డు మీదుండే నాణెం లాంటి సీమాస్ బ్యాటరీని, బయోస్ సెట్టింగులు మొదటికి రావడానికి, కాసేపు తీసి పెట్టండి.

ఇంటెల్ 13, 14వ తరం ఐ7, ఐ9లు ఏమీ చేయకుండానే క్రాష్ అవుతున్నాయి
చిప్ అవసరానికి మించి వోల్టేజి అడుగుతోందని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. బయోస్ అప్‌డేట్ చేయండి. అప్పటికే దెబ్బతిన్న చిప్ దానితో బాగుపడదు. బాక్స్ ప్రాసెసర్లకి (విడిగా డబ్బాలో కొన్నవాటికి) వారంటీ రెండేళ్ళు పెంచారు, బిల్లు వెతికి క్లెయిమ్ చేయండి.

అయినా చేసి తీరాలంటే
ఇంటెల్‌లో పేరు చివర కె ఉన్న చిప్, జెడ్ వరస మదర్‌బోర్డు ఉండాలి. రైజెన్‌కి బి550 లాంటి బోర్డు చాలు, ఏ520లో కుదరదు. ఓవర్‌క్లాకింగ్ వల్ల చిప్ పోతే మామూలు వారంటీ వర్తించదు. పరీక్ష మాత్రం మే నెల మధ్యాహ్నం ఏసీ ఆపి పెట్టండి. చలికాలం రాత్రి నిలబడిన సెట్టింగుని నమ్మలేం.