ఫోల్డర్ మీద కన్నేసి ఫైళ్లు కాపీ చేసే సర్వీస్: సమస్యలు, పరిష్కారాలు

విండోస్‌లో మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్‌తో రాసే సర్వీస్, అంటే తెర వెనక నడిచే ప్రోగ్రామ్, సంగతి ఇది. ఫోల్డర్‌లో ఏదైనా మారితే డాట్‌నెట్‌లోని ఫైల్‌సిస్టమ్‌వాచర్ అనే భాగం కబురు (ఈవెంట్) పంపుతుంది, మన కోడ్ ఆ ఫైలును బ్యాకప్‌కు కాపీ చేస్తుంది. కోడ్ చిన్నదే. రోజూ నడపడం మొదలుపెట్టాకే చిక్కులన్నీ బయటపడతాయి.

చేత్తో నడిపితే పనిచేస్తుంది, సర్వీస్‌గా పెడితే ఏమీ జరగదు

జెడ్ డ్రైవ్ లాంటి మ్యాప్ చేసిన డ్రైవ్ ఇచ్చారేమో చూడండి. ఆ అక్షరం మీరు లాగిన్ అయిన సెషన్‌కే పరిమితం. విండోస్ సొంత అకౌంట్ అయిన లోకల్ సిస్టమ్ కింద నడిచే సర్వీస్‌కు అది కనిపించదు. సర్వర్ పేరు, షేర్ పేరుతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ పాత్ ఇచ్చి, ఆ షేర్ మీద పర్మిషన్ ఉన్న అకౌంట్‌తో సర్వీస్‌ను నడపండి. కాన్ఫిగ్ ఫైలు దొరకడం లేదంటే కారణం వేరు. సర్వీస్ సిస్టమ్32 ఫోల్డర్‌లో మొదలవుతుంది కాబట్టి ఫైలును అక్కడే వెతుకుతోంది. ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ నుంచి పాత్ కట్టండి.

స్టార్ట్ నొక్కితే 1053 ఎర్రర్

30 సెకన్లలో సర్వీస్ నుంచి జవాబు రాకపోతే ఇది వస్తుంది. సర్వీస్ మొదలవగానే నడిచే ఆన్‌స్టార్ట్‌ కోడ్‌లోనే పెద్ద కాపీ పని పెట్టి ఉంటే దాన్ని వేరే థ్రెడ్‌కు మార్చండి. అలాంటిదేమీ లేకపోతే ప్రోగ్రామ్ మొదట్లోనే కూలిపోతోందేమో విండోస్ ఎర్రర్లు నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో చూడండి.

ఫైలును వేరే ప్రోగ్రామ్ వాడుతోందని ఎర్రర్

పెద్ద ఫైలు ఇంకా రాస్తుండగానే మొదటి కబురు వచ్చేస్తుంది. తర్వాత అదే ఫైలుకు మళ్లీ మళ్లీ వస్తుంది. అందుకే కబురు అందగానే కాపీ చేయకూడదు. ఫైలు పేరు, టైమ్ ఒక జాబితాలో రాసుకోండి. కొత్త కబురు వస్తే టైమ్ మార్చండి. రెండు మూడు సెకన్లు ఏ కదలికా లేకపోతే అప్పుడు తెరిచి చూడండి, తెరుచుకోకపోతే కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి. కొన్ని ప్రోగ్రాములు సేవ్ చేసేటప్పుడు తాత్కాలిక ఫైలు రాసి, తర్వాత దాని పేరు మారుస్తాయి. కాబట్టి రీనేమ్డ్ ఈవెంట్‌ను కూడా పట్టుకోవాలి.

కొన్ని ఫైళ్లు చేరవు, లాగ్‌లో ఎర్రర్ ఉండదు

అన్నిటికంటే ప్రమాదం ఇదే. ఒక ఆఫీసులో నేను పెట్టిన సర్వీస్ కొన్నాళ్లు బాగానే నడిచింది. స్కానర్ నుంచి వందల ఫైళ్లు ఒక్కసారిగా వచ్చిపడిన రోజు కొన్ని బ్యాకప్‌కు చేరలేదు. వాటి అవసరం పడేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. అప్పటి టెన్షన్ నాకింకా గుర్తుంది.

వాచర్ బఫర్, అంటే కబుర్లు తాత్కాలికంగా నిలిచే చోటు, మామూలుగా 8 కేబీనే. పొడవైన ఫైలు పేర్లు ఉంటే అది ఇంకా త్వరగా నిండిపోతుంది, నిండి పొంగితే కబుర్లు పోతాయి. ఎర్రర్ ఈవెంట్‌కు మనం కోడ్ రాయకపోతే ఆ సంగతి తెలిసే దారే లేదు. బఫర్‌ను 64 కేబీకి పెంచండి, ఏ రకం మార్పులకు కబురు రావాలో చెప్పే నోటిఫైఫిల్టర్‌లో అక్కర్లేనివి తీసేయండి. అయినా ఇవి సగం పరిష్కారమే. సర్వీస్ ఆగి ఉన్నప్పుడు జరిగిన మార్పులకు కబురే రాదు. నెట్‌వర్క్ తెగితే వాచర్ పనిచేయడం మానేయవచ్చు, అప్పుడు దాన్ని కొత్తగా సృష్టించాలి.

అందుకే నేను కబురును తొందరపెట్టే సూచనగానే తీసుకుంటాను. సర్వీస్ మొదలైనప్పుడు, ఎర్రర్ ఈవెంట్ వచ్చినప్పుడు, ఆపైన గంటకోసారి రెండు ఫోల్డర్లనూ సైజు, మారిన టైమ్ బట్టి పోల్చి, తేడా ఉన్నవాటిని కాపీ చేయిస్తాను. బ్యాకప్ డ్రైవ్ ఫ్యాట్32 అయితే 2 సెకన్ల తేడాను పట్టించుకోవద్దు, ఆ ఫార్మాట్ టైమ్‌ను అంతకంటే సూక్ష్మంగా దాచుకోదు.

కాపీ పని ఎప్పటికీ ఆగదు

బ్యాకప్ ఫోల్డర్ మీరు గమనిస్తున్న ఫోల్డర్ లోపలే ఉంది, అందుకే ప్రతి కాపీ మళ్లీ కొత్త కబురు పుట్టిస్తోంది. బయటికి మార్చండి.

అన్నీ సరిచేశాక 2,000 చిన్న ఫైళ్లు ఒక్కసారిగా ఆ ఫోల్డర్‌లో వేయండి. మధ్యలో నెట్‌వర్క్ కేబుల్ పీకి, మళ్లీ పెట్టండి. తర్వాత రెండువైపులా ఫైళ్లు లెక్కపెట్టండి.