చేపల పులుసు నుంచి మైసూరుపాకు దాకా: ప్లాస్టిక్ లేకుండా పార్శిల్ కట్టడం ఎలా?

సాయంత్రం ఏడు దాటాక నెల్లూరులోనో ఒంగోలులోనో ఏదైనా కర్రీ పాయింట్ ముందు కాసేపు నిలబడండి. పప్పు ఒక కవర్లో, రసం ఒక కవర్లో, వేపుడు ఇంకో కవర్లో, పెరుగు మరో కవర్లో. మూతులకు రబ్బరు బ్యాండ్లు. అన్నీ కలిపి మళ్లీ ఒక క్యారీ బ్యాగులో. ఒక ఇంటివాళ్లు ఒక పూట తినేసరికి ఐదారు కవర్లు చెత్తలోకి పోతాయి. కూర వాసన అంటిన ఆ కవర్లనే రోడ్డు మీద ఆవులు నమిలి మింగుతాయి. ఒంగోలు జాతి పేరు చెప్పుకుని గర్వపడే మనం ఇది చూస్తూ ఊరుకోవడానికి నాకు మనసొప్పదు.

కర్రీ పాయింటు, టిఫిన్ సెంటరు, మెస్సు నడిపేవాళ్లూ, ఇంట్లో వండి ఆర్డర్ల మీద అమ్మేవాళ్లూ ఈ మార్పు పెద్ద ఖర్చు లేకుండానే చేసుకోవచ్చు. ఎలాగో వరసగా చెబుతాను.

1. ముందు మెనూ చూసుకోండి

ప్యాకింగ్ సామాను కొనే ముందు మీరు అమ్మే వంటకాలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. పక్కనే పొడి, తడి, పలచన అని గుర్తు పెట్టండి. పునుగులు, గారెలు, స్వీట్లు పొడి. ఇడ్లీ, పులిహోర, వేపుడు, బిర్యానీ తడి. పులుసు, రసం, సాంబారు, పెరుగు పలచన. అన్నింటికీ ఒకే రకం ప్యాకింగ్ వెతికేవాళ్లే నాలుగు రోజులకు విసిగిపోయి మళ్లీ కవర్లకు వస్తారు.

వేడి, నూనె, పులుపు ఈ మూడూ ఎందులో ఉన్నాయో కూడా చూడండి. ప్లాస్టిక్‌లో కలిపిన రసాయనాలు తిండిలోకి దిగడానికి ఈ మూడూ తోడ్పడతాయి. నెల్లూరు చేపల పులుసులో మూడూ దండిగా ఉంటాయి. పొయ్యి మీద నుంచి దించిన పులుసును పలచటి కవర్లో పోయడం అన్నింటికంటే ముందు మానాలి. అల్యూమినియం ఫాయిల్ డబ్బా కూడా దీనికి పనికిరాదు. చింతపండు పులుపూ ఉప్పూ కలిసి ఆ లోహాన్ని తినేస్తాయి.

2. పలచటి వాటికి స్టీలు డబ్బా

దీనికి మించిన దారి నాకైతే కనబడలేదు. రెండు రకాలుగా చేయొచ్చు.

మొదటిది, డబ్బా తెచ్చుకోమని అడగడం. ఊరికే బోర్డు పెడితే ఎవరూ తేరు. రూపాయో రెండు రూపాయలో తగ్గిస్తామన్నా పెద్దగా పట్టించుకోరు. అదే "అక్కా, రేపు డబ్బా తెచ్చుకుంటే అర గరిటె ఎక్కువ వేస్తా" అని చూడండి. కొసరు అంటే మనవాళ్లకు ఇష్టం. మీకు కవరు ఖర్చు, రబ్బరు బ్యాండు ఖర్చు మిగులుతాయి కాబట్టి ఆ అర గరిటె మరీ బరువేం కాదు.

రెండోది డిపాజిట్ పద్ధతి. పావు లీటరు, అర లీటరు, ఈ రెండు సైజులే కొనండి. రకాలు పెరిగితే మూతలు వెతుక్కోవడమే పని అవుతుంది. మూతకు సిలికాన్ రింగు ఉన్నది తీసుకోండి. కొనేముందు షాపులోనే నీళ్లు నింపి, మూత బిగించి, కాగితం మీద తలకిందులుగా పది నిమిషాలు పెట్టి చూడండి. కాగితం తడిస్తే ఆ రకం వద్దు. పాత్రల షాపులో గిన్నెల మీద పేర్లు కొడతారు కదా, అక్కడే మీ సెంటరు పేరు, కింద వరస నంబరు కొట్టించండి. డబ్బా ఎంతకు కొన్నారో అంతే డిపాజిట్ తీసుకోండి. తిరిగి రాకపోయినా మీకు నష్టం ఉండదు. తెచ్చినవాళ్లకు డబ్బు వెనక్కి ఇవ్వండి, లేదా నిండు డబ్బా ఇచ్చి లెక్క కొనసాగించండి.

కడిగేటప్పుడు రింగును తప్పకుండా ఊడదీయాలి. చేపల నీచు వాసన దాక్కునేది ఆ గాడిలోనే. వేడినీళ్లు, సబ్బుతో కడిగి, మూతా డబ్బా విడివిడిగా బోర్లించి ఎండలో ఆరబెట్టండి.

యాప్ ఆర్డర్లకు డబ్బా తిరిగి రావడం కష్టం. వాటికి చెరుకు పిప్పితో చేసిన గిన్నెలు వాడుకోవచ్చు. వేడికి ఆగుతాయి. అయితే మూత కూడా పిప్పితో చేసిందే అడగండి, చాలామంది గిన్నె పిప్పితో చేసి మూత ప్లాస్టిక్‌తో ఇస్తారు. నూనె పీల్చకుండా కొందరు తయారీదారులు పీఫాస్ అనే రసాయనాలు కలుపుతారు. అవి మట్టిలోనూ ఒంట్లోనూ ఏళ్ల తరబడి పోకుండా ఉండిపోతాయి. పీఫాస్ లేదని టెస్ట్ రిపోర్టు చూపించే సప్లయర్ దగ్గరే కొనండి.

3. తడి వాటికి అరిటాకు పొట్లం

పొట్లం కట్టడం మన తాతల కాలం నుంచీ ఉన్న పనే. టిఫిన్ సెంటర్లలో ఇప్పుడు ఆకు ముక్కను పేరుకు వేసి, పైన ప్లాస్టిక్ చుడుతున్నారు. ఆకును సరిగ్గా సిద్ధం చేసుకుంటే ఆ ప్లాస్టిక్‌తో పనే లేదు.

గాలికి చీలని ఆకులు ఎంచుకోండి. తడిగుడ్డతో రెండు వైపులా తుడవండి. మధ్య ఈనె వెనక లావుగా ఉన్న భాగాన్ని చాకుతో పలచగా చెక్కేయండి, లేకపోతే మడత అక్కడే విరుగుతుంది. తర్వాత మూరెడు ముక్కలుగా కోయండి.

ఇప్పుడు అసలు పని, ఆకును వాడ్చడం. సన్నని మంట మీద జానెడు ఎత్తులో ఆకును నెమ్మదిగా జరుపుతూ పోండి. ఒక్కచోట ఆపకూడదు. లేత ఆకుపచ్చ ముక్క మంట తగిలిన మేర ముదురు రంగుకు తిరుగుతుంది, నూనె రాసినట్టు మెరుస్తుంది. ఆ మెరుపు ఈ చివర నుంచి ఆ చివరకు పాకగానే తీసేయండి. అంతవరకూ కాగితంలా పెళపెళమన్న ఆకు మెత్తబడి, ఎటు మడిస్తే అటు ఒదుగుతుంది. అంచులు గోధుమ రంగుకు వస్తే మాడినట్టే, ఆ ముక్క పొట్లానికి పనికిరాదు. పొద్దున్నే ఒక కట్ట వాడ్చి తడిగుడ్డలో చుట్టి పెట్టుకుంటే టిఫిన్ల వేళంతా టెన్షన్ ఉండదు.

ఇడ్లీని ఆవిరి మీదున్నప్పుడే కట్టకండి. రెండు నిమిషాలు ఆరనివ్వండి, లేకపోతే లోపల చెమర్చి మెత్తబడుతుంది. కారం దోసె మడిచాక మధ్యలో ఒక చిన్న ఆకు ముక్క పెడితే అంటుకోదు. కొబ్బరి చట్నీ పార్శిళ్లకు కాస్త గట్టిగా రుబ్బి, చిన్న ఆకును శంఖంలా చుట్టి, అందులో వేసి నోరు మడిచేయండి. పొట్లం మీద అచ్చు లేని గోధుమ రంగు కాగితం చుట్టి నూలు దారంతో కట్టండి. రబ్బరు బ్యాండు గానీ, స్టేప్లర్ పిన్ను గానీ వద్దు. పిన్ను నోట్లోకి పోతే ప్రమాదం.

న్యూస్‌పేపరు అసలు వాడకూడదు. అచ్చు సిరాలోని రంగులు, సీసం లాంటివి నూనెకు కరిగి బజ్జీకి అంటుకుంటాయి. దేశంలో ఆహార భద్రతను చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 ప్యాకేజింగ్ నిబంధనలు కూడా దీన్ని ఒప్పుకోవు.

పెళ్లి ముహూర్తాల్లో, శ్రావణ మాసంలో ఆకుల ధర చుక్కలు చూపిస్తుంది. అందుకే మార్కెట్లో ఒక వ్యాపారితో ఏడాదంతా ఒకే ధరకు మాట్లాడుకోండి. ఆకులు దొరకని రోజులకు నల్లమల వైపు కుట్టే మోదుగ విస్తర్లు తెచ్చి పెట్టుకోవచ్చు. బాగా ఆరినవి గాలి తగిలేచోట దాచాలి, తేమ తగిలితే బూజు పడుతుంది.

4. కాగితం డబ్బా కొనేముందు చింపి చూడండి

పేపర్ కప్పు అంటే అంతా కాగితమే అనుకుంటారు. లోపల పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. కప్పును కాసేపు నీళ్లలో నానబెట్టి మెల్లగా చింపండి. చర్మంలా సాగే పొర ఒకటి విడిగా ఊడివస్తే అదే ప్లాస్టిక్. ఇలాంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి పానీయం 15 నిమిషాలుంటే దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు అందులోకి దిగుతాయని 2020లో ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు తేల్చారు. టీ కొట్టుకు గాజు గ్లాసే మేలు.

స్వీట్లకు మామూలు అట్టపెట్టె, లోపల బటర్ పేపరు చాలు. మైసూరుపాకు పెట్టె మీద చుట్టే మెరిసే ప్లాస్టిక్ ఫిల్ము 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు కూడా అదే జాబితాలో ఉన్నాయి.

స్పూన్ల మాటకొస్తే మనకు ఉదయగిరి ఉంది. అక్కడి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చేతితో చెక్కినవి కాబట్టి పారేసే లెక్కన వాడలేం. హోటల్లో కూర్చుని తినేవాళ్లకు పెట్టి కడిగి దాచుకోండి, పార్శిల్‌తో స్పూను అడిగితేనే ఇవ్వండి. ఇంటికెళ్లి తినేవాళ్లకు స్పూనెందుకు?

5. "బయో" అని రాసిన కవర్లతో జాగ్రత్త

2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూల కోసం మొక్కజొన్న పిండిపదార్థంతో చేసిన కవర్ల కౌంటరు తెరిచారు. వాటిని రూపొందించింది రక్షణ పరిశోధన సంస్థ డీఆర్డీవో. ఆ కౌంటరు ప్రారంభించిన అప్పటి డీఆర్డీవో ఛైర్మన్ జి. సతీష్ రెడ్డిది మన నెల్లూరు జిల్లాలోని మహిమలూరే. పొడి సరుకుకు, పొట్లాలు పెట్టి ఇవ్వడానికి ఇలాంటి కవర్లు మంచివి. వేడి సాంబారు పోయడానికి మాత్రం కాదు.

ఉత్తి "బయోడిగ్రేడబుల్" అన్న మాట చూసి కొనకండి. కొన్ని కవర్లు ముక్కలు ముక్కలై మట్టిలో కలిసిపోయినట్టు కనిపిస్తాయి గానీ ప్లాస్టిక్ పొడిగా అలాగే ఉండిపోతాయి. "కంపోస్టబుల్" అనే ముద్ర, ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణం, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉన్నాయో లేదో చూడండి. ఇవి లేని మామూలు క్యారీ బ్యాగు కనీసం 120 మైక్రాన్ల మందం ఉండాలని 2022 డిసెంబరు 31 నుంచి నిబంధన. కంపోస్టబుల్ కవరు త్వరగా కుళ్లడానికి కూడా 58 డిగ్రీల దగ్గర వేడి నిలిచే పెద్ద కంపోస్టు కేంద్రం కావాలి. పెరటి గుంతలో చాలా నెమ్మదిగా సాగుతుంది. అందుకే నా లెక్కలో దీని స్థానం స్టీలు, ఆకుల తర్వాతే.

నేను ఆశగా చూస్తున్నది రొయ్య పెంకు వైపు. మన తీరంలో ప్రాసెసింగ్ ప్లాంట్ల నుంచి గుట్టలుగా వచ్చే ఆ పెంకుల్లో కైటిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్నుంచి తీసే కైటోసాన్‌తో పలచటి ఫిల్ము చేయొచ్చు, అది బ్యాక్టీరియాను కూడా అదుపు చేస్తుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ కైటోసాన్ మీద చాలాకాలంగా పనిచేస్తోంది. ఆ ఫిల్ము తడికి ఆగే బలం తెచ్చుకుంటే చేపల మార్కెట్టులోనే దానికి బోలెడు పని ఉంది.

6. తిన్నాక ఏం చేయాలో పొట్లం మీదే రాయండి

గోధుమ రంగు కాగితం మీద చిన్న రబ్బరు స్టాంపు వేస్తే సరిపోతుంది: "ఆకు, దారం తడి చెత్తలో వేయండి. డబ్బా కడిగి తెచ్చి ఇవ్వండి." సిరా బయటి వైపే ఉండాలి, స్టాంపు ఆరాకే పొట్లం చుట్టాలి. మీ సెంటరు దగ్గర కూడా రెండు బుట్టలు పెట్టి, ఆకుల బుట్ట మున్సిపాలిటీ బండికి విడిగా అందించండి. అన్నీ ఒకేసారి మార్చలేకపోతే ముందు పులుసు, రసం కవర్లు ఆపేయండి. ఇడ్లీ పొట్లాలు వచ్చే నెలలో మొదలుపెట్టుకోవచ్చు.