కుడి షిఫ్ట్ కోసం నా తిప్పలు (నా అనుభవం)

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి కొత్త కీక్యాప్ (కీబోర్డు కీల మీద పెట్టే తొడుగు) సెట్టు పార్సిల్ వచ్చిన రోజు భోజనం కూడా మానేసి కూర్చున్నా. చెర్రీ ప్రొఫైల్ (వరుసను బట్టి ఎత్తూ వాలూ మారే ఆకారం), పీబీటీ అనే ప్లాస్టిక్, 104 కీల సెట్టు. నా కీబోర్డేమో 65 శాతం సైజుది, అంటే నంబర్ ప్యాడ్ లేని చిన్నది.

అక్షరాలన్నీ చక్కగా కూర్చున్నాయి. కుడి షిఫ్ట్ దగ్గరే చిక్కొచ్చింది. సెట్టులో ఉన్నది 2.75 యూనిట్ల వెడల్పుది, నాకు కావాల్సింది 1.75. ఒక యూనిట్ అంటే 19.05 మిల్లీమీటర్లు, అంత తేడా ఎలా సర్దుకుంటుంది? స్పేస్‌బార్‌కి కుడిపక్కనున్న మూడు కీలదీ అదే గోల. నాకు 1 యూనిట్‌వి కావాలి, వాళ్లిచ్చినవి 1.25. మనకి పనికిరాని నంబర్ ప్యాడ్ మాత్రం మొత్తం పంపారు!

క్యాప్స్‌లాక్ 1.75 కదా అని షిఫ్ట్ దగ్గర పెట్టి చూశా. అది పై వరుస క్యాప్, వాలు వేరు. వేలికి అంచు తగులుతూనే ఉంది.

చివరికి ఆ నంబర్ ప్యాడే ఆదుకుంది. అందులో 1, 2, 3 కీల ఎత్తు, చెర్రీలో కింది వరుస ఎత్తు ఒకటే. వాటిని ఆల్ట్, ఫంక్షన్, కంట్రోల్ మీద పెట్టేశా. షిఫ్ట్‌కి పాత బూడిదరంగుదే ఉంచి, అది ఒంటరిగా ఎబ్బెట్టుగా ఉందని ఎస్కేప్, ఎంటర్ కూడా పాతవే వేశా. పాతవి ఒక పిసరు ఎత్తే, కానీ కావాలని చేసినట్టే ఉంది.

మా తమ్ముడు మాత్రం "కంట్రోల్ ఏదన్నయ్యా?" అంటే "3 నొక్కరా" అని చెప్పాల్సి వస్తోంది.