కస్టమర్ల డొమైన్లను సరైన క్లస్టర్‌కు పంపడం ఎలా?

కస్టమర్లు మీ సర్వీసును తమ సొంత డొమైన్ పేరుతో నడుపుకుంటామంటారు. మీకేమో రెండు కుబర్నెటీస్ క్లస్టర్లున్నాయి (క్లస్టర్ అంటే మీ సర్వీసును కలిసి నడిపే సర్వర్ల గుంపు). రెంటికీ ముందు ఎన్‌జిన్‌ఎక్స్ (nginx)ను ప్రాక్సీగా, అంటే వచ్చిన రిక్వెస్టును తగిన క్లస్టర్‌కు పంపే సర్వర్‌గా పెట్టండి. క్లస్టర్‌కో పబ్లిక్ ఐపీ ఇచ్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. కస్టమర్‌ను ఒక క్లస్టర్ నుంచి ఇంకోదానికి మార్చాల్సి వచ్చిన రోజున "మీ డీఎన్ఎస్ కాస్త మార్చండి సార్" అని వాళ్ల చుట్టూ తిరుగుతుంటారు. ప్రాక్సీ ఉంటే ఒక్క లైను మారిస్తే చాలు.

1. డీఎన్ఎస్: సబ్‌డొమైన్ అయితే సీనేమ్ (CNAME, ఇంకో పేరును చూపే రికార్డు), అసలు డొమైనే అయితే 'ఏ' (A) రికార్డు, అంటే నేరుగా ఐపీని చూపేది. అసలు డొమైన్ మీద సీనేమ్ కుదరదు, ప్రయత్నించొద్దు.

2. సర్టిఫికెట్: ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ చాలు. దాని తనిఖీ కోసం 80 పోర్టు తెరిచి ఉంచండి.

3. ఎన్‌జిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌లో క్లస్టర్‌కో అప్‌స్ట్రీమ్ బ్లాక్ (ఆ క్లస్టర్ చిరునామా ఉండే భాగం) రాసి, ఏ డొమైన్ పేరు ఎటు వెళ్లాలో ఒక మ్యాప్‌లో (map) పెట్టండి. ఇఫ్ (if) షరతులతో రాయొద్దు. మ్యాప్‌లో డిఫాల్ట్‌గా ఏ క్లస్టర్‌నూ పెట్టొద్దు. తెలియని పేరు ఆగిపోవాలి తప్ప ఎవరి ఇంట్లోకో దూరకూడదు.

4. అందరూ బోల్తా పడేది ఇక్కడే. రిక్వెస్టు ఏ డొమైన్ కోసమో చెప్పేది హోస్ట్ హెడర్. మీరేమీ చెప్పకపోతే ఎన్‌జిన్‌ఎక్స్ వెనకున్న క్లస్టర్‌కు పంపే హోస్ట్ హెడర్‌లో కస్టమర్ డొమైన్ ఉండదు, మీ అప్‌స్ట్రీమ్ బ్లాక్ పేరు ఉంటుంది. ఆ పేరు ఇన్‌గ్రెస్‌కు (క్లస్టర్‌లోకి వచ్చే రిక్వెస్టులను అందుకునే ద్వారం) తెలియదు కాబట్టి 404 ఇస్తుంది. మీరేమో డీఎన్ఎస్ మార్పు ఇంకా అంతటా పాకలేదనుకుని సాయంత్రం దాకా కూర్చుంటారు! 404 వచ్చిందంటే రిక్వెస్టు లోపలికి చేరినట్టే, డీఎన్ఎస్‌ను వదిలేయండి. హోస్ట్ హెడర్‌కు డాలర్ హోస్ట్ ($host, అంటే వచ్చిన రిక్వెస్టులోని డొమైన్ పేరు) విలువ ఇవ్వండి.

అది సర్వర్ బ్లాక్‌లో రాశాక, లొకేషన్ బ్లాక్‌లో ఇంకే హెడర్ సెట్ చేసినా పైవేవీ కిందికి రావు. ఒక్కటి కూడా రావు. అందుకే హెడర్లన్నీ ఒక ఫైల్‌లో పెట్టి, ప్రతి లొకేషన్‌లో ఇన్‌క్లూడ్ చేయడమే పద్ధతి.

క్లస్టర్ దాకా టీఎల్ఎస్‌తోనే (హెచ్‌టీటీపీఎస్ వాడే ఎన్‌క్రిప్షన్) వెళ్తుంటే ఎస్ఎన్ఐ (కనెక్షన్ మొదట్లోనే ఏ డొమైన్ కావాలో చెప్పే పేరు) సంగతీ చూడాలి. ఎన్‌జిన్‌ఎక్స్ దాన్ని మామూలుగా పంపదు. ప్రాక్సీ ఎస్ఎస్ఎల్ సర్వర్ నేమ్ (proxy_ssl_server_name) సెట్టింగ్‌ను ఆన్ చేసి, ప్రాక్సీ ఎస్ఎస్ఎల్ నేమ్‌కు (proxy_ssl_name) కూడా డాలర్ హోస్టే ఇవ్వండి. మొదటిది మాత్రమే చేసి ఆపితే మళ్లీ అప్‌స్ట్రీమ్ పేరే వెళ్తుంది.

టీఎల్ఎస్ ప్రాక్సీ దగ్గరే ముగిస్తే కస్టమర్ హెచ్‌టీటీపీఎస్‌తోనే వచ్చాడని చెప్పే ఎక్స్ ఫార్వర్డెడ్ ప్రోటో (X-Forwarded-Proto) హెడర్ పంపండి, దాన్ని నమ్మమని ఇన్‌గ్రెస్‌కూ చెప్పండి. లేకపోతే అది మళ్లీ మళ్లీ హెచ్‌టీటీపీఎస్‌కే తిప్పి పంపుతుంది, బ్రౌజర్ విసిగిపోయి ఎర్రర్ చూపిస్తుంది.

5. డీఎన్ఎస్ మార్చకముందే పరీక్షించండి. కర్ల్ (curl) కమాండ్‌లో రిజాల్వ్ (--resolve) ఆప్షన్‌తో కస్టమర్ డొమైన్‌ను మీ ప్రాక్సీ ఐపీకి కట్టి చూడవచ్చు. ఇందుకోసం తమ కంప్యూటర్లోని హోస్ట్స్ ఫైల్ మార్చేవాళ్లు తర్వాత తీయడం మరిచిపోతారు, ఆ దారి వద్దు.

చివరగా 443 (హెచ్‌టీటీపీఎస్ పోర్టు) మీద ఒక డిఫాల్ట్ సర్వర్ పెట్టి, తెలియని పేరుతో వచ్చే కనెక్షన్లను తిరస్కరించేలా అందులో ఎస్ఎస్ఎల్ రిజెక్ట్ హ్యాండ్‌షేక్ (ssl_reject_handshake) ఆన్ చేయండి. అది ఎన్‌జిన్‌ఎక్స్ 1.19.4 వెర్షన్ నుంచే ఉంది. కాన్ఫిగ్ టెస్ట్ పాసయ్యాకే రీలోడ్ చేయండి. రీస్టార్ట్ మాత్రం వద్దు.