రాయలసీమలో పీహెచ్‌డీ: తొలి ఏడాదిలోనే చేసుకోవలసిన ఏర్పాట్లు

అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనో, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో, కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయంలోనో పీహెచ్‌డీలో కొత్తగా చేరినవారి కోసం, ముఖ్యంగా సామాజిక శాస్త్రాలు, తెలుగు, చరిత్ర శాఖల పరిశోధకుల కోసం ఈ సూచనలు రాస్తున్నాను. ఆలస్యమైన థీసిస్‌లను దగ్గరగా చూస్తే విషయం కొరుకుడు పడకపోవడం కంటే, గడువు లెక్క తెలియకపోవడం, గ్రామాలకు తగని కాలంలో వెళ్లడం, ఏళ్ల తరబడి టైపు చేసిన ఫైలు చివర్లో పనికిరాకుండా పోవడం వంటి కారణాలే ఎక్కువగా కనిపిస్తాయి. వీటిలో చాలావాటికి జవాబులు సీనియర్ల దగ్గర సిద్ధంగా ఉంటాయి. అయితే హాస్టల్ మెస్‌లో నోటిమాటగా విన్నవి అవసరమైన రోజుకు గుర్తుండవు కనుక, వాటిని మొదటి ఏడాదిలోనే అడిగి తెలుసుకొని, కాగితం మీద పెట్టి, తోటివారికి కూడా అందించడం మంచిది.

అన్నిటికంటే ముందు గడువు సంగతి చూసుకోవాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కోర్సు వర్కుతో, అంటే మొదట్లో చదివి పరీక్ష రాయవలసిన పాఠాలతో కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. తిరిగి రిజిస్టర్ చేసుకుంటే మరో 2 ఏళ్ల వరకు పొడిగింపు ఉంటుంది. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి దానిపైన ఇంకో 2 ఏళ్లు అదనంగా దొరకవచ్చు. మహిళలకు ప్రసూతి లేదా శిశు సంరక్షణ కోసం మొత్తం కోర్సు కాలంలో ఒకసారి 240 రోజుల వరకు సెలవు ఉంది. ఈ సెలవు సంగతి తెలియక చదువు మానేసే ఆలోచనలో పడే అక్కచెల్లెళ్లు ఉంటారు కాబట్టి, తెలిసినవారు తప్పక చెప్పాలి. 2022 నవంబరుకు ముందు చేరినవారికి పాత నిబంధనలు వర్తిస్తాయి కనుక, మీ ప్రవేశ ఉత్తర్వు మీద ఉన్న తేదీని, మీ విశ్వవిద్యాలయం సొంత నియమావళిని పక్కపక్కన పెట్టి చదవండి. ప్రవేశ ఉత్తర్వు, ఫీజు రసీదులు, కోర్సు వర్కు మార్కుల పత్రం, పరిశోధన సలహా సంఘం ముందు ప్రతి సెమిస్టరూ ఇచ్చిన ప్రగతి నివేదికల నకళ్లు ఒకే ఫైలులో ఉంచుకోండి. థీసిస్ సమర్పించే నాడు ఆఫీసులో అడిగేవి దాదాపు ఇవే.

గైడుతో సంబంధం గురించి అందరూ జాగ్రత్తగా మాట్లాడతారు, అది సహజమే. నేను చెప్పగలిగింది ఒక్క పద్ధతి: గైడును కలిసి వచ్చిన ప్రతిసారీ ఆ సాయంత్రమే ఒక చిన్న లేఖ పంపడం. "సార్, ఈరోజు మీరు చెప్పినవాటిని నాకు అర్థమైన మేరకు ఇలా రాసుకున్నాను. రెండో అధ్యాయం ఈ నెలాఖరుకు తెస్తాను. పొరపాటు ఉంటే దిద్దగలరు" అని నాలుగు వాక్యాలు రాస్తే చాలు. పర్యవేక్షకుల దగ్గర ఒకేసారి చాలామంది పరిశోధకులు ఉంటారు. ఒక్క ప్రొఫెసరు ఎనిమిదిమంది వరకు తీసుకోవచ్చు. ఎవరికి ఏం చెప్పారో వారికి గుర్తుండాలని ఆశించడం న్యాయం కాదు. ఆ లేఖ వారికీ ఉపకారం చేస్తుంది, ఆరు నెలల తరువాత దిశ మారిందని తోచినప్పుడు మీకూ ఆధారంగా నిలుస్తుంది. వట్టి చేతులతో వెళ్లి "ఏం చేయమంటారు సార్" అని అడగడం కంటే, సగం రాసిన రెండు పేజీలైనా ముందు పెట్టి "ఇక్కడ ఆగిపోయాను" అని చెప్పడం వల్ల మాట వెంటనే పని మీదికి వస్తుంది.

క్షేత్ర పర్యటన గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రాంతంలో పరిశోధన కాలాన్ని నిర్ణయించేది విశ్వవిద్యాలయం క్యాలెండరు కాదు, వాన. అనంతపురం జిల్లాలో ఏడాది వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. జూన్, జులైలలో పదును దొరికిందంటే ఊరంతా శెనక్కాయ విత్తడంలో ఉంటుంది. ఆ రోజుల్లో ప్రశ్నావళి పట్టుకొని వెళ్తే, మర్యాదకు కూర్చోబెడతారే తప్ప మనసుపెట్టి జవాబు చెప్పే తీరిక వారికి ఉండదు, ఉండాలని కోరడం కూడా తప్పే. అక్టోబరు, నవంబరులలో కాయ పీకే పని. ఆ తరువాత డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు రైతులతో మాట్లాడడానికి అనువైన కాలం. ఎండ తక్కువ, పొద్దున రచ్చకట్ట దగ్గర నలుగురు దొరుకుతారు. అయితే మీ అంశం వలస అయితే ఈ లెక్క తలకిందులవుతుంది. కర్నూలు జిల్లా పడమటి మండలాలైన కోసిగి, మంత్రాలయం, కౌతాళం వైపు నుంచి కూలీలు గుంటూరు మిరప కోతలకూ, బెంగళూరు కట్టడాల పనులకూ వెళ్లేది సరిగ్గా ఆ నెలల్లోనే. అప్పుడు ఊళ్లో మిగిలేది ముసలివారూ, బడి పిల్లలూ. వారి మాటలు కూడా విలువైనవే కానీ, వలస వెళ్లినవారి మాట కావాలంటే కోతలు ముగిసి వాళ్లు ఇళ్లకు చేరిన తరువాతనే వెళ్లాలి. పీర్ల పండుగ రోజులను కూడా ముందే చూసుకోండి. నార్పల మండలం గూగూడు చుట్టుపక్కల ఆ రోజుల్లో వేరే పని జరగదు. జానపద సంస్కృతి మీద పని చేస్తున్నవారైతే మాత్రం, అవే రోజుల్లో అక్కడ ఉండాలి.

ఊరికి వెళ్లేటప్పుడు విభాగాధిపతి సంతకంతో ఒక పరిచయ పత్రం తెలుగులో తీసుకొని, ముందు గ్రామ సచివాలయంలో చూపించండి. సర్వే అనగానే ఏదో పథకం వస్తుందనో, పేరు తీసేస్తారనో అనుకోవడం సహజం కాబట్టి, "ఇది చదువు కోసం పెద్దాయనా, ప్రభుత్వ పని కాదు, దీనివల్ల మీకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు" అని మొదటే స్పష్టంగా చెప్పాలి. మాట రికార్డు చేసే ముందు అడగాలి. వద్దంటే ఫోను జేబులో పెట్టుకొని చేత్తో రాసుకోవాలి.

జిల్లా గణాంకాలు వాడేవారు ఒక చిక్కును మొదట్లోనే గమనించాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. 63 మండలాల అనంతపురం జిల్లాలో 31 మాత్రమే పాత పేరుతో మిగిలి, 32 శ్రీ సత్యసాయి జిల్లా అయ్యాయి; కర్నూలు నుంచి నంద్యాల వేరుపడింది; కడప జిల్లా నుంచి రాయచోటి, రాజంపేట వైపు మండలాలు అన్నమయ్య జిల్లాకు వెళ్లాయి. 2011 జనాభా లెక్కలలోని "అనంతపురం జిల్లా", 2023 నాటి నివేదికలోని "అనంతపురం జిల్లా" ఒకటి కావు. ఈ రెంటినీ ఒకే పట్టికలో పక్కపక్కన పెడితే, సాగు విస్తీర్ణం సగానికి పడిపోయినట్టు కనిపించి, దాని మీద కట్టిన అధ్యాయమంతా కూలిపోతుంది. అందువల్ల వీలైనంతవరకు సమాచారాన్ని మండలాల వారీగా సేకరించి, మీ అంశానికి కావలసిన ప్రాంతాన్ని మీరే కూడుకోండి. ఏ సరిహద్దును పాటించారో పద్ధతుల అధ్యాయంలో ఒక పేరాలో రాసేస్తే, వైవాలో, అంటే చివర జరిగే మౌఖిక పరీక్షలో, ఆ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉన్నట్టే.

తెలుగులో థీసిస్ రాసేవారు మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో టైపు చేయాలి. డీటీపీ సెంటర్లలో యూనికోడ్ కాని అను ఫాంట్లతో కొట్టించిన ఫైలు అచ్చులో అందంగానే ఉంటుంది కానీ, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి, అందులో ఒక పేరు వెతకడం కూడా కుదరదు. విండోస్‌లో దొరికే గౌతమి ఫాంటు గాని, ఉచితంగా దొరికే మండలి ఫాంటు గాని సరిపోతాయి. పాదసూచికలకూ, ఆధార గ్రంథాల పట్టికకూ ఉచితంగా లభించే జొటెరో సాఫ్ట్‌వేరును చేరిన నెలలోనే అలవాటు చేసుకోండి. కడపలోని బ్రౌన్ గ్రంథాలయంలో పాత ప్రతులు చూసేటప్పుడు ఆ ప్రతికి ఇచ్చిన సంఖ్య, పుట సంఖ్య, చూసిన తేదీ అక్కడికక్కడే రాసుకోండి. ఒక్క పుట సంఖ్య కోసం మళ్లీ బస్సెక్కి వెళ్లడం ఎంత శ్రమో దూరం నుంచి వచ్చేవారికి తెలుసు.

డబ్బు విషయం క్లుప్తంగా. యూజీసీ ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000. అయితే నెలనెలా విశ్వవిద్యాలయం నుంచి ధ్రువీకరణ వెళ్తేనే అది ఖాతాలో పడుతుంది కనుక, ఆ పని చేసే సెక్షన్‌లో ప్రతి నెలా వాకబు చేయాలి, ఆగినా నడిచేలా రెండు మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోవాలి. ఫెలోషిప్ లేనివారు జూనియర్ కళాశాలల్లో పాఠాలు చెబుతూ చదువుతారు. వారు ఎన్ని గంటలు ఒప్పుకుంటున్నారో గైడుకు చెప్పి ఒప్పుకోవడం క్షేమం.

తోటి పరిశోధకులతో వారానికి ఒకసారి కూర్చోండి. హిందూపురం, ప్రొద్దుటూరు నుంచి వచ్చే పార్ట్‌టైమ్ వారికి కూడా కుదరాలంటే ఆదివారం ఉదయం మేలు. నలుగురు చాలు. ఒక్కొక్కరు ఆ వారం రాసిన రెండు పేజీలు తేవాలి. రాయనివారు వచ్చి వినవచ్చు, కానీ రాయకపోవడానికి కారణాలు చెప్పుకోవడంతో పొద్దు గడపకూడదు. వేరే శాఖవారు ఉండడం లాభమే, ఎందుకంటే మీ అంశం తెలియనివారికి అర్థమయ్యేలా చెప్పలేకపోతే ఆ పేజీలో ఇంకా పని మిగిలి ఉందన్నమాట. ఇంటి నుంచి "ఎప్పుడైపోతుంది నాయనా, పెళ్లి సంగతి ఏమంటావు" అనే ఫోన్లు అందరికీ వస్తాయి. ఎవరైనా వరుసగా రెండు వారాలు రాకపోయినా, మెస్‌కు రావడం మానేసినా, గదికి వెళ్లి పలకరించడం మిగతావారి బాధ్యత. అవసరమనిపిస్తే వైద్యుల దగ్గరికి తోడుగా వెళ్లాలి.

సమర్పణకు ఆరు నెలల ముందు సారూప్య పరిశీలన, అంటే మీ రాత ఇతరుల రచనలతో ఎంత కలుస్తోందో చూసే పరీక్ష, ఒకసారి చేయించుకోండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే ఆరు నెలలలోపు సవరించి ఇవ్వాలి. 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఉద్ధరణలకు ఆధారం చూపడం మొదటి ముసాయిదా నుంచే అలవాటైతే ఈ అంకెలకు భయపడవలసిన పని ఉండదు. వైవాకు ముందు పరీక్షకుల నివేదికలలోని ప్రతి ప్రశ్నకూ పుట సంఖ్యతో సహా జవాబు రాసుకొని, మీ ఆదివారపు మిత్రుల ముందు ఒకసారి చెప్పి చూడండి. వైవా అయ్యాక పరీక్షకులు కోరిన సవరణలు చేసిన తుది ప్రతినే, థీసిస్‌లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే శోధగంగ కోసం గ్రంథాలయానికి ఇవ్వండి, పాత ఫైలు పొరపాటున వెళ్లకుండా దాని పేరులో తేదీ చేర్చండి.