అమ్మను నడిపించాలంటే ముందు కుర్చీ వేయండి

మా అమ్మకు 72 ఏళ్లు. నాన్న పోయాక ప్రొద్దుటూరు వదిలి బెంగళూరు జయనగర్‌లో మా ఇంటికి వచ్చేసింది. లాల్‌బాగ్ మాకు ఆటోలో పది నిమిషాలు. 240 ఎకరాల తోట, చల్లని గాలి. అయినా తొమ్మిది నెలలు అటువైపు రానే లేదు. "నాకు ఇంటి పనే సాలు లేమ్మా" అనేది. నేను పోరేకొద్దీ ఇంకా మొండికేసేది.

'రా' అన్నానే తప్ప 'ఎందుకు రావు' అని నేనెప్పుడూ అడగలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు కదలనంటుంటే ముందు అది అడగండి. ఎదురుగా కూర్చోబెట్టి నిలదీస్తే చెప్పరు. చేతుల్లో పని ఉన్నప్పుడు మాట వస్తుంది. ఒక మధ్యాహ్నం ఇద్దరం మునగాకు దూస్తుంటే అమ్మ ఒక్కొక్కటీ బయటపెట్టింది. నడిస్తే మోకాళ్లు ఇంకా అరుగుతాయని భయం. మన వీధిలో కాలువ మీద రాతి పలకలు కదులుతుంటాయి, పడితే తుంటి విరిగి మంచాన పడతానని భయం. పార్కులో ఎవరైనా కన్నడలో పలకరిస్తే ఏం చెప్పాలో తెలియదు. చివరిది గొంతు తగ్గించి చెప్పింది: "గబగబా నడిస్తే, దగ్గితే చీర తడుస్తాదే."

ఆ మాట విన్నాక నాకు ఆకు దూయడానికి చేతులు రాలేదు. ఇంత బాధ పెట్టుకున్న మనిషిని నేను బద్ధకం అన్నాను.

ఇలా దగ్గితే మూత్రం జారడానికి సాధన ఉంది, చాలామందికి తగ్గుతుంది కూడా. మూత్రం ఆపుకునేటప్పుడు ఏ కండరం బిగిస్తామో దాన్నే, కూర్చుని ఉన్నప్పుడు ఐదు సెకన్లు బిగించి ఐదు సెకన్లు వదలాలి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఊపిరి బిగబట్టకూడదు, మూత్రానికి వెళ్లినప్పుడు చేయకూడదు. గుణం కనిపించడానికి మూడు నెలలైనా పట్టొచ్చు. ఈలోగా ప్యాడ్ పెట్టుకుని బయటికి రావడంలో సిగ్గేమీ లేదు. లేడీ డాక్టరుకు ఒకసారి చూపిస్తే ఇంకా మంచిది.

మోకాళ్ల సంగతి. కీలులోని మెత్తటి ఎముకకు రక్తనాళాలు ఉండవు, కీలు కదిలితేనే దానికి పోషణ అందుతుంది. తొడ ముందు కండరం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. అందుకే మేం నడకతో కాకుండా కుర్చీతో మొదలుపెట్టాం.

చేతుల్లేని గట్టి కుర్చీని గోడకు ఆనించండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది. అంచుకు జరిగి కూర్చుని, పాదాలు మోకాళ్ల కంటే కాస్త వెనక్కి పెట్టాలి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, అప్పుడు లేవాలి. అమ్మ మొదట్లో వెనక్కి వాలి లేవబోయి మళ్లీ కూలబడేది. ఈ ఒక్కటి సరిచేశాక లేవగలిగింది. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా, మనసులో నాలుగు లెక్కపెడుతూ దిగాలి. అప్పుడు కూడా కండరానికి పని పడుతుంది. రోజు విడిచి రోజు, ఐదుసార్లతో మొదలుపెడితే చాలు. నొప్పి కాస్త ఉండి మర్నాటికి తగ్గిపోతే పరవాలేదు. మోకాలు వాస్తే తగ్గించాలి.

చేతులు ఎదమీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేస్తారో చూడండి. 70-74 ఏళ్ల ఆడవాళ్లకు పదికి తగ్గితే పడిపోయే ముప్పు ఎక్కువని లెక్క. అమ్మ మొదటిరోజు ఆరుసార్లు లేచింది.

ఈ వయసులో బలం వస్తుందా అంటే, వస్తుంది. 1990లో అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో 90 ఏళ్ల వాళ్లకు 8 వారాలు తొడలకు బరువులతో సాధన చేయిస్తే బలం సగటున 174 శాతం పెరిగింది. అమ్మకు చెబితే "తొంభై ఏండ్లోళ్లకా?" అని రెండుసార్లు అడిగింది.

పాలు కాగేలోపు వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తి దించడం, ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి నిలబడటం. తూలకుండా ఉండటానికి ఇవి. నెల తర్వాత మా కారిడార్‌లో పది నిమిషాలు, భోజనం చేశాక నడిచాం. తిన్నాక నడిస్తే షుగర్ అంతగా ఎగబాకదు. ఇన్సులిన్ వాడేవాళ్లు కొంగులో చక్కెరో గ్లూకోజో ఉంచుకోవాలి.

ఆ తర్వాతే లాల్‌బాగ్. చీర మీదకు బూట్లు వేసుకోనంది, బలవంతపెట్టలేదు. హవాయి చెప్పులు మాత్రం మాన్పించి, వెనక పట్టీ ఉన్నవి కొన్నాను. మొదటి వారం నేనే పక్కన నడిచాను. అక్కడ బెంచీ మీద ఒక హిందూపురం ఆమె పరిచయమయ్యాక భాష బెంగ తీరింది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం ఉండాలి. అదే సరైన వేగం. 65 దాటినవాళ్లకు అలాంటి నడక వారానికి 150 నిమిషాలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అమ్మ ఇప్పుడు వందకు చేరింది.

గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగే మొదలుపెట్టండి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపేయాలి. నొప్పి తగ్గకపోతే ఆసుపత్రికే.

నిన్న కుర్చీలోంచి 30 సెకన్లలో పదకొండుసార్లు లేచింది. పాల ప్యాకెట్ల లెక్క రాసే క్యాలెండర్ మీద, నిన్నటి గడిలో, తనే 11 అని రాసుకుంది.